బాణం దాటిన దూరం

మన ఇతిహాసాల్లో వేట తెచ్చిపెట్టిన పెద్ద విపత్తులు మూడున్నాయి. సరయూ ఒడ్డున చీకట్లో ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని దశరథుడు మునికుమారుణ్ణి కొట్టాడు. అడవిలో జతకట్టి ఉన్న జింకలను కొట్టి పాండురాజు కిందముని శాపం తెచ్చుకున్నాడు. యాదవులంతా నశించాక, ఒంటరిగా ఒరిగి ఉన్న కృష్ణుడి పాదాన్ని చూసి లేడి అనుకుని జర అనే బోయవాడు బాణం వేశాడు. ఈ మూడు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి మనసును పట్టుకుని వదలదు. ముగ్గురిలో ఏ ఒక్కరి గురీ తప్పలేదు. బాణం ఎక్కడికి పంపితే అక్కడికే వెళ్లింది. చేతిలో లోపం ఉండి ఉంటే ముగ్గురూ బతికిపోయేవారు, వాళ్ల బాణాలకు ఎదురుగా ఉన్నవాళ్లూ బతికిపోయేవారు. విద్య పూర్తిగా వచ్చినవాడి చేతిలోనే పాపం జరిగిందని వ్యాసవాల్మీకులు ఇంత స్పష్టంగా చెప్పాక, వేటకు ముందు మనిషి చేసే సాధన అతనికి ఏం నేర్పాలి అన్న ప్రశ్న షూటింగ్ రేంజ్‌లో తేలేది కాదు.

ఇక మన సోంపేట, బారువ తీరంలో ఒకడు వేటకెళ్లాడంటే సముద్రం మీదికెళ్లాడని అర్థం. తుపాకితో అడవి జంతువును కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ దేశంలో దాదాపు ముగిసిన కథ. కాని పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ల నుంచి చదువుకుని వెళ్లి అమెరికాలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు అది ముగిసిన కథ కాదు. కొలరాడో లాంటి రాష్ట్రంలో ఎల్క్ వేట చట్టం ఒప్పుకున్న పని. ఎల్క్ మన కణుజుకు చుట్టం, దానికంటే పెద్దది; బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. అక్కడ 1949 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు వేట శిక్షణ పొందితేనే లైసెన్సు ఇస్తారు. ఎంతకంటే చిన్న తూటా వాడకూడదో చట్టం చెబుతుంది. కొట్టిన జంతువు మాంసాన్ని పారేస్తే నేరం. ఇన్ని చెప్పిన చట్టం, ఎంత దూరం దాటితే కాల్చకూడదో మాత్రం చెప్పదు. ఆ ఒక్కటి మనిషి మనసుకే వదిలేసింది. మన పిల్లవాడెవరైనా మొదటిసారి ఆ కొండల్లోకి వెళ్లబోతుంటే, అతని ధర్మసంకటమంతా చట్టం ఖాళీగా వదిలిన ఆ చోటే ఉంది.

ముందు లెక్క చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో ధర్మం లెక్కను ఆనుకునే ఉంటుంది. 200 గజాలకు స్కోప్ సరిచేసుకున్న మామూలు వేట రైఫిల్ తూటా 500 గజాల దగ్గరికి చేరేసరికి మూడు నాలుగు అడుగులు కిందికి దిగిపోతుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి వీస్తే అడుగున్నర దాకా పక్కకు జరుగుతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు కంటే కొంచెం పెద్దది, అంతే. దిగుడును కొలవచ్చు, దూరం చెప్పే పరికరం ఉంది, పట్టిక ఉంది. గాలిని కొలవడం అంత తేలిక కాదు. నిలబడ్డ చోట ఒకలా, మధ్యలోని లోయలో మరోలా, అవతలి గట్టు మీద ఇంకోలా వీస్తుంది. వీటన్నిటినీ మించింది కాలం. ఆ దూరం దాటడానికి తూటాకు సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. ఆ లోపల మేస్తున్న ఎల్క్ ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, గుండెకు వెళ్లాల్సింది పొట్టలోకి వెళుతుంది. కాల్చినవాడు ఏ తప్పూ చేయలేదు, చేయి వణకలేదు, గాలి అంచనా సరిపోయింది. అయినా ఆ జంతువు గంటల తరబడి చావాలి. ఏ సాధనా ఈ మూడింట రెండు వంతుల సెకనును తగ్గించలేదు. అది విద్యకు బయట ఉన్న కాలం.

సాధన గురించి మనకున్న గొప్ప కథ అర్జునుడిది. చెట్టు మీది పిట్టలో తల తప్ప ఇంకేమీ కనిపించడం లేదని చెప్పి ద్రోణుడి మెప్పు పొందాడు. ఏకాగ్రతకు ఉదాహరణగా ఈ కథను ఎన్ని తరాలుగానో బడిలో చెబుతున్నాం, కాని అది కొయ్యతో చేసిన పిట్ట అన్న సంగతిని దాటేస్తున్నాం. పరీక్ష కోసం ద్రోణుడు చేయించి పెట్టిన బొమ్మ అది. బొమ్మ ముందు తల ఒక్కటే కనిపించడం సుగుణం, ఎందుకంటే బొమ్మ దగ్గర చూడాల్సింది ఇంకేదీ లేదు. దశరథుడు చేసింది కూడా ఏకాగ్రతే. చీకట్లో ఒక్క చప్పుడు తప్ప లోకాన్నంతా పక్కకు నెట్టాడు. కుండ నిండుతున్న చప్పుడును తొండం చప్పుడు అనుకున్నాడు. శబ్దవేధి అన్న పేరు మీది మోజే తన చేత ఆ పని చేయించిందని చివరి రాత్రి కౌసల్యతో చెప్పుకున్నాడు. పూలు చూసి మురిసి మామిడితోట నరికి మోదుగకు నీళ్లు పోసినవాణ్ణి నేను అని కూడా అన్నాడు. మోదుగంటే పలాశం, పలాస పేరు విన్నప్పుడల్లా మనకు తోచే చెట్టే. విద్యకు పూసే పువ్వు పేరు ప్రతిష్ఠ, పండు వేరే ఉంటుందన్న ఎరుక ఒక రాజుకు చావు ముందు గాని రాలేదు. ఇప్పటి స్కోప్ కూడా శబ్దవేధి లాంటిదే అని నా నమ్మకం. దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూపిస్తుంది గాని, చుట్టూ ఉన్నదాన్ని కోసేస్తుంది. వెనక నిలబడ్డ మరో జంతువు, పక్కన పొదలో ఉన్న దూడ, దాని అవతలి గట్టు ఆ గుండ్రని వెలుగులోకి రావు. రేంజ్‌లో ఇనుప పలక మీద కాల్చి నేర్చుకున్న చూపు కొయ్యపిట్ట చూపు. దాన్ని అలాగే కొండకు తీసుకెళితే సరయూ తీరానికి తీసుకెళ్లినట్టే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. ఏడాదంతా అభ్యాసం చేసినవాడు 400 గజాల నుంచి కొట్టే దెబ్బ, ఏ అభ్యాసమూ లేనివాడు వంద గజాల నుంచి కొట్టే దెబ్బకంటే శుభ్రంగా ఉంటుంది కదా, దూరాన్ని నిందించడం దేనికి? ఇది నిజమే. హద్దు అందరికీ ఒక్కటని నేను అనను. మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషికి కూడా పూట పూటకూ మారుతుంది. బెంచి మీద ఇసుక సంచి ఆనించి, కడుపు నిండి, ఊపిరి నిమ్మళంగా ఉన్నప్పుడు కొట్టిన దూరం వేరు. తొమ్మిది వేల అడుగుల ఎత్తున గట్టెక్కి, గుండె దడదడలాడుతూ, మోకాలి మీద కూర్చుని కొట్టగలిగిన దూరం వేరు. కాబట్టి మొదటి వేటకు వెళ్లేవాడు సాధనలో కనుక్కోవాల్సింది ఆ రెండో దూరాన్ని. పరుగెత్తి వచ్చి, చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు, చిన్న పళ్లెమంత చోటులో మొదటి తూటానే పడాలి, అదీ ప్రతిసారీ. ఎక్కడ అలా పడటం ఆగిపోయిందో అక్కడ అతని పొలిమేర. దాన్ని రెండు సీజన్లలో ముందుకు జరపవచ్చు గాని, కొమ్ములు చూసిన క్షణంలో జరపకూడదు.

రెండో అభ్యంతరం మన గ్రంథాల నుంచే వస్తుంది. చాటునుంచి కొట్టావేమని వాలి అడిగితే, వేటగాళ్లు జంతువును ఎదురుగానైనా చాటునుంచైనా కొడతారు, అందులో దోషం లేదని రాముడు చెప్పాడు. అమెరికాలో థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభృతులు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఇందుకు భిన్నంగా మాట్లాడుతుంది. జంతువు తన ముక్కుతో, చెవులతో ప్రమాదాన్ని పసిగట్టే అవకాశాన్ని చాలా దూరపు కాల్పు తీసేస్తుంది, అది న్యాయమైన వేట కాదన్నది వాళ్ల వాదం. నాకు ఆ వాదం సగమే నచ్చుతుంది. జంతువుతో మనిషి ఆడుతున్నది ఆట కాదు, సమానమైన అవకాశాలు పంచుకోవడానికి. ఎల్క్‌కు తెలియకుండా, బెదరకుండా చావడం దానికి మంచిదే, ఆ మాటకొస్తే రాముడి జవాబే సరైనది. దూరంతో నా పేచీ మరోచోట ఉంది. దగ్గరికి వెళ్లినకొద్దీ వేటగాడికి తెలిసేది పెరుగుతుంది, దూరం జరిగినకొద్దీ అతను ఊహించేది పెరుగుతుంది. తెలియని చోట ఊహను పెట్టి, దాని మీద తూటా వదలడమే దోషం. వాలిని కొట్టినప్పుడు రాముడికి ఎవరిని కొడుతున్నాడో తెలుసు. మొదటి యుద్ధంలో వాలిసుగ్రీవుల్ని పోల్చుకోలేక బాణం వేయకుండా ఊరుకున్నాడు, సుగ్రీవుడు చావుదెబ్బలు తిని పారిపోయి వచ్చినా సరే. గజపుష్పి మాల మెడలో పడ్డాకే రెండోసారి విల్లెత్తాడు. చాటునుంచి కొట్టడాన్ని సమర్థించడానికి ఈ కథను ఎత్తేవాళ్లు, ఆ మొదటి రోజు వేయకుండా ఆపిన బాణాన్ని ఎత్తరు.

పాండురాజు కూడా తన తరఫున వాదించాడు, రాజులకు మృగయ తప్పు కాదని. జింక రూపంలో ఉన్న కిందముడు ఆ మాటను కాదనలేదు. జింకను చంపినందుకు నిన్ను నిందించను, నేను జతగా ఉన్న వేళ ముగిసేదాకా ఆగకపోవడమే నీ తప్పన్నాడు. ఇది మన తీరంలో అందరికీ అర్థమయ్యే మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు సముద్రంలో మరపడవల వేట ఆగుతుంది, చేప గుడ్లు పెట్టే కాలం కనక. అరవై ఒక్క రోజులు ఇంట్లో సంపాదన లేక బారువ గంగపుత్రుడు భరించేది, కిందముడు రాజును అడిగిన ఆ కాస్త ఆగడాన్నే.

ఇక ప్రాణం తీయడమే పాపం, అంగుళాలూ గజాలూ లెక్కపెట్టడం దేనికన్నవాళ్లున్నారు. వాళ్ల మనసు మీద నాకు గౌరవం ఉంది. కాని మిథిలలో మాంసం అమ్మిన ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పిన మాట తప్పించుకోలేనిది. నాగలి దున్నితే ఎన్ని ప్రాణాలు పోతాయో చూడమన్నాడు, హింస లేని బతుకు ఎవరిదో చూపమన్నాడు. హింస అంతా ఒకటే అనుకున్నవాడికి తక్కువ బాధ పెట్టే దారి వెతకాల్సిన పనే ఉండదు, అదే ఆ వాదంలోని ప్రమాదం. ఒక్క క్షణంలో కూలిన జంతువుకూ, పగిలిన దవడతో శీతాకాలంలోకి నడిచిన జంతువుకూ తేడా ఉంది. ఆ తేడా ఆ జంతువుకు చాలా పెద్దది.

అవసరమే తుపాకి పట్టించిన చోట కూడా ఇదే వర్తిస్తుంది. ఉద్దానంలో జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజుల్లో ఎలుగులు తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు మనుషుల మీద పడింది. ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. దాన్ని మత్తుసూదితో పట్టుకున్నారు, తర్వాత అదీ చనిపోయింది. ఎలుగు గోళ్లకు భయపడి బతికే ఊరివాళ్ల కోపాన్ని తప్పు పట్టే హక్కు దూరాన ఉన్నవాళ్లకు లేదు. అయినా పట్టుకోవడం, మత్తివ్వడం, తరలించడం ఏదీ కుదరకపోతేనే అలాంటి జంతువును చంపడానికి అనుమతి ఇవ్వవచ్చని చట్టం ఒక వరస పెట్టింది. మత్తుసూది వేసేవాడు కొన్ని పదుల మీటర్ల దాకా దగ్గరికి వెళ్లి, బరువును కంటితో తూచి, మందు నిర్ణయించాలి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లినా తెలియనిది ఎంతో మిగిలే ఉంటుంది. ఆ మనిషికి లేని వెసులుబాటు, సరదా కోసమో మాంసం కోసమో కొండెక్కినవాడికి ఉంది. వద్దనుకుంటే కాల్చకుండా వెనక్కి రావచ్చు.

దూరానికి ఇంకో వెల ఉంది, రేంజ్‌లో అది కనబడదు. తూటా ఒక్క సెకనులోపు దాటిన లోయను మనిషి దిగి, ఎక్కి, దాటాలి. అవతలి గట్టు 500 గజాలే అయినా అక్కడికి చేరడానికి గంట పట్టవచ్చు. ఈలోగా పొద్దు వాలుతుంది, మంచు నెత్తుటి జాడను కప్పుతుంది, జంతువు ఎక్కడ నిలబడిందో ఇవతలి నుంచి పెట్టుకున్న గుర్తు అక్కడికెళితే గుర్తుపట్టలేం. సాధన చేసేవాడు కాల్చిన ప్రతిసారీ ఆ పలక దాకా నడిచి వెళ్లి చూసి రావడం అలవాటు చేసుకుంటే, ఏ దూరం తనదో ఏది కాదో కాళ్లే చెబుతాయి. దశరథుడు ఆ రాత్రి మూలుగు విని పరుగెత్తి వెళ్లాడు. బాలుడు అడిగితే బాణం పీకాడు, ప్రాణం పోయింది. అప్పుడతను రథమెక్కి అయోధ్యకు పోవచ్చు, చూసినవాళ్లెవరూ లేరు. కింద పడ్డ కుండ తీసుకుని, సరయూలో నింపి, పిల్లవాడు చెప్పిన కాలిబాట పట్టుకుని, కళ్లు లేని ఆ ఇద్దరు ముసలివాళ్లు దాహంతో కూర్చున్న చోటికి నడిచాడు. అడుగుల చప్పుడు విని ఆ తండ్రి, ఇంత ఆలస్యమైందేం నాయనా, నీళ్లు ఇవ్వు అన్నాడు.