చప్పట్లు కొట్టిన చేతులు

ఆకాశంకేసి చూసి చూసి మెడ పట్టేసిన రోజది. 2024 డిసెంబరు 8, ఆదివారం. వైమానిక దళం వారి సూర్యకిరణ్ జట్టు ట్యాంక్‌బండ్ దగ్గర విన్యాసాలు చేస్తోందంటే పిల్లదాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తొమ్మిది విమానాలు ఒకే దారానికి గుచ్చిన పూసల్లా హుస్సేన్‌సాగర్ మీంచి దూసుకుపోతుంటే, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. మా అమ్మాయి మాత్రం కొట్టలేదు. అలా చూస్తూ ఉండిపోయింది.

రాత్రి అన్నం కలుపుకుంటూ మెల్లిగా అంది: "అమ్మా, ఇంటర్ అవగానే ఎన్.డి.ఎ. పరీక్ష రాస్తాను."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "ఆడపిల్లవి..." అనబోయి నాలుక కరుచుకున్నాను. మన దేశంలో తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016లో బయటికొచ్చింది మన దుండిగల్ అకాడమీ నుంచే. 2022లో ఎన్.డి.ఎ.లోనూ అమ్మాయిలు అడుగుపెట్టారు. ఇక ఆ సాకు చెల్లదు. అందుకని ఇంకోటి వెతికాను.

"సినిమా చూసొచ్చి హీరోయిన్నవుతానంటే ఎలాగే?"

అన్నానే గానీ, ఆ మాట నన్నే పట్టుకుంది. ఇలాంటి జట్లను పోషించడంలో కుర్రకారు మనసు దోచుకోవాలన్న ఉద్దేశమూ ఉంది. అందులో దాపరికమేం లేదు. అరచేతిలోనే లోకమంతా చూసేస్తున్న ఈ కాలం పిల్లల్ని ఆ పొగగీతలు ఇంకా కదిలిస్తాయా అంటే, మా ఇంట్లో కదిలించాయి మరి! అయితే, అందం చూపించి అంత ప్రమాదకరమైన కొలువులోకి పిలవడం న్యాయమేనా?

ఆ గీతలు చెప్పేది సగం నిజం. మిగతా సగం బోయినపల్లికి తెలుసు. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళం వారి సాగర్ పవన్ జట్టు విమానం అక్కడి ఇళ్ళమీద కూలింది. అందులోని ఇద్దరూ పోయారు. 2019 ఫిబ్రవరిలో బెంగుళూరులో సూర్యకిరణ్ విమానాలు రెండు సాధనలో ఢీకొని ఒక పైలట్ చనిపోయాడు.

ఇవన్నీ దానికి చెప్పాను. భయపెట్టడానికే చెప్పాను, అబద్ధమెందుకు?

అంతా విని, "తెలుసమ్మా. నేను చూసింది పొగ కాదు. పక్క విమానాన్ని చూసుకుంటూ తనది నడుపుతారట. అవతలివాడి మీద అంత నమ్మకం! అలా నన్నూ ఒకళ్ళు నమ్మాలనిపించింది," అంది. కాసేపాగి, "నువ్వు చప్పట్లు కొట్టావుగా. వాళ్ళకీ అమ్మలుంటారుగా!" అంది.

నాకు జవాబు దొరకలేదు. పరాయివాళ్ళ బిడ్డ సాహసం చేస్తే దేశభక్తి, మన బిడ్డ చేస్తానంటే పిచ్చితనం! మనలో చాలామంది తల్లుల లెక్క ఇదే కదండీ?

విన్యాసం మోజు పుట్టిస్తుందంతే. మిగతా సగం కూడా తెలిశాక నిలబడితేనే అది సంకల్పం. ఆ సగం చెప్పాల్సింది మనమే. కానీ చెప్పాక, నిర్ణయం పిల్లలకి వదలాలి. అదే కష్టం.

దాని దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు. అలాగని వెనక్కి లాగుదామన్నా, ఆ రోజు చప్పట్లు కొట్టిన ఈ చేతులు రావడం లేదు.