పిల్లికి పెట్టు బిచ్చము

లోభిని నిందింపదలచినప్పుడు, పిల్లికి కూడ బిచ్చము పెట్టనివాడని మనవారందురు. ఎంత పెట్టవలెనో ఆ సామెత చెప్పదు. పెట్టుట ధర్మము, పెట్టకుండుట దోషము, అంతే. నాయ్‌గావ్‌లోని మా యింట రెండు సంవత్సరములుగా ఒక పిల్లికి మధుమేహచికిత్స చేయుచు, ఈ సామెత మాకు చాలదని తెలిసికొంటిమి. పెట్టుటలో కూడ పాపము కలదా? ప్రేమతో చేసిన హానిని హాని యనవచ్చునా, అనరాదా? ఈ ప్రశ్నను మనవారి యెదుట ఉంచవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము.

మొదట పిల్లి సంగతి. అది పెరటిగోడ దిగి వచ్చి మా యింట చేరిన మగపిల్లి. మా యింట మాంసము వండరు. మా అమ్మ దానిని పాలలో నానిన జొన్నరొట్టెతోను, పెరుగన్నముతోను పెంచెను. అది ఆరు కిలోల బరువెక్కి అరుగుమీద గుమ్మడికాయవలె కూర్చుండెడిది. చూచినవారందఱును మా అమ్మ చేతిచలువ అనుచుండిరి. తొమ్మిదవ యేట అది గిన్నెలు గిన్నెలుగా నీరు త్రాగజొచ్చెను. ఎంత తినినను చిక్కిపోయెను. వెనుకకాళ్ల మడమలను నేలకానించి, ముసలివాడు చతికిలబడి జరిగినట్లు నడచెను. నాందేడులో పశువైద్యునికి చూపగా, రక్తమును మూత్రమును పరీక్షించి మధుమేహమని చెప్పెను.

ఇక్కడనే మొదటి చిక్కు వచ్చినది. పిల్లి పుట్టుకచేత మాంసాహారి. గింజధాన్యముల పిండిని అధికముగా భరించు శరీరము దానికి లేదు. జొన్నరొట్టె వలననే రోగము వచ్చినదని మేమనము. బలుపు, వయస్సు, మగపుట్టుక ఇవన్నియు తోడైనవి. కాని మన యాచారమును మూగప్రాణి పళ్లెములో వడ్డించి, దానిని దయ యనుకొంటిమి గదా! మా అమ్మ రెండురోజులు మాటలాడలేదు. మూడవనాడు పెరటిలో వేఱుగా ఒక పొయ్యి పెట్టించి, దానికొక గిన్నె కొనిపించి, కోడిమాంసము ఉడికించుటకు పొరుగింటి పిల్లవానిని కుదిర్చెను. తాను అటువైపు తిరిగిచూడలేదు. ధర్మశాస్త్రములు చదివినవారు దీనినేమందురో కాని, ఇంతకంటె మంచి తీర్పును మేము చూడలేదు.

ఇక మందు సంగతి. వైద్యుడు పన్నెండు గంటలకొకమాఱు 1 యూనిట్ ఇన్సులిన్‌తో ప్రారంభించి, కొన్ని వారములకు 2 యూనిట్లు చేసెను. పిల్లికిచ్చు మందు మిల్లీలీటరునకు 100 యూనిట్లది. అందులో 1 యూనిట్ అనగా మిల్లీలీటరులో నూఱవ వంతు. కంటికి ఆనని బొట్టు. మెడవెనుక చర్మమును ఎత్తి సన్నని సూదితో ఎక్కించినచో పిల్లి తిండి మానకుండగనే పని ముగియును. ఇది చూచి పొరుగున ఉన్న మరాఠీ ఇల్లాలు "మాంజరాలా ఇంజెక్షన్ కశాలా?" అని అడిగెను. పిల్లికి సూది యెందుకని ఆమె ప్రశ్న. దానికి మావద్ద తగిన సమాధానము ఆనాడును లేదు, నేడును లేదు.

మా అమ్మకును మధుమేహమే. ఆమె ఇన్సులిన్ మిల్లీలీటరునకు 40 యూనిట్లది. మన దేశములో ఈ రెండు గాఢతలును దొరకును, సిరంజీలు వేఱు. 40 దానికి ఎఱ్ఱమూత, 100 దానికి నారింజరంగు మూత. ఒకనాటి యుదయము కరెంటు లేనివేళ, మసకలో, అమ్మ సిరంజితో పిల్లి మందును 2 గీత వఱకు లాగి ఎక్కించితిమి. గీత 2 అని చూపినను లోపలికి పోయినది 5 యూనిట్లు. ఆ తప్పు మాది. ఇతరులపై వేయుటకు వీలులేదు.

మధ్యాహ్నమునకు పిల్లి తూలుచు వచ్చి గోడకు తల ఆనించి నిలిచెను. కన్నులు తెఱచియున్నవి గాని చూపు లేదు. చెవి అంచున నెత్తురు తీసి చూడగా మీటరు 38 చూపెను. మనుష్యుల మీటరు పిల్లి నెత్తురులో చక్కెరను ఉన్నదానికంటె కొంత తక్కువగా చూపుననుట నిజమే. ఐనను అట్టివేళ అంకెతో వాదింపరాదు. వైద్యుడు ముందే చెప్పియుండెను గనుక, తేనెను వ్రేలితో చిగుళ్లకు పూసితిమి. గొంతులో పోయరాదు, మ్రింగలేని ప్రాణికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. కొంత తడవునకు తల ఎత్తెను. వెంటనే తిండి పెట్టితిమి. కాని తేనె బలము కొద్దిసేపే, ఇన్సులిన్ బలము చాల గంటలు. మరల పడిపోవునేమో యని కారులో నాందేడు తీసికొనిపోయి, ఆ రాత్రి వైద్యుని యొద్దనే ఉంచితిమి.

పిల్లిని చంపినవాడు బంగారుపిల్లిని చేయించి దానమీయవలెనని పెద్దలు చెప్పుట మేము వినియున్నాము. అది కఱ్ఱతో కొట్టినవానికి. వేళకు మందు వేసి చంపినవానికి ఏ లోహముతో పిల్లిని చేయింతురో?

సంకల్పము మంచిదైనచో దోషము లేదని కొందఱందురు. అది చేసినవాని మనశ్శాంతికి పనికివచ్చు మాట. గోడకు తల ఆనించి నిలిచిన పిల్లికి కాదు. మనుష్యుడైనచో చెమటపట్టినది, కన్నులు తిరుగుచున్నవి అని చెప్పును. మా అమ్మ అట్లే చెప్పి బెల్లము నోట వేసికొనును. పిల్లికి నడకయే భాష. ఆ భాషను చదువలేనివానికి సూది పట్టు అధికారము లేదని మాకు తోచినది. అంతకు ముందు మేము మీటరునే చదివితిమి గాని పిల్లిని చదువలేదు. అంకె 350 చూపిననాడు కోపము వచ్చెడిది, మోతాదు పెంచవలెనని చేయి తహతహలాడెడిది. కాని భయపడిన పిల్లి రక్తములో చక్కెర దానంతట అదే పెరుగును. ఒక్క అంకెను నమ్మి పెంచరాదు. పైగా తిండి మారినపిమ్మట శరీరమునకు కావలసిన మందు తగ్గును; నిన్నటి మేలైన మోతాదే నేడు విషమగును. కొన్ని పిల్లులకు కొంతకాలమునకు ఇన్సులిన్ అవసరమే లేకుండ పోవునని వైద్యులు చెప్పుదురు.

అన్నిటికంటె కష్టమైనది ఏమియు చేయకుండుట. ఒక్కొక్కప్పుడు పిల్లి కదలి మందు వెండ్రుకలలో పడును. ఎక్కినదో లేదో తెలియదు. అప్పుడు రెండవమాఱు ఎక్కింపరాదు. ఒకపూట మందు తప్పినచో సాధారణముగా చక్కెర కొంత పెరుగుటతో పోవును. రెండు మోతాదులు పడినచో ప్రాణమే పోవచ్చును. చేతులు ముడుచుకొని పన్నెండు గంటలు కూర్చుండవలెను. "తక్కువైతే ఏం గాదు బిడ్డా, ఎక్కువ జెయ్యకు" అని మా అమ్మ అనెను. ఆమె తన ఒంటిమీద నేర్చిన చదువు అది.

మూగజీవికి మనమింత చేయవలెనా యను ప్రశ్నకు ఒక లెక్క చూపవచ్చును. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వెదకినది కుక్కలపైన. క్లోమము కోయబడిన ఆ కుక్కలు చచ్చినందుననే 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదటి సూది పడినది. ఆ తరువాత దశాబ్దముల తరబడి లోకమంతటను మనుష్యులు బ్రదికినది ఆవుల, పందుల క్లోమములనుండి తీసిన మందుతో. జన్యువిద్యతో చేసిన మానవ ఇన్సులిన్ అమ్మకమునకు అనుమతి పొందినది 1982లో. పిల్లి ఇన్సులిన్‌కు ఆవు ఇన్సులిన్‌కు గొలుసులో ఒక్క కడియమే తేడా. కాబట్టి ఇది బిచ్చము కాదు, అప్పు తీర్చుట యని మేమొకప్పుడు గర్వముగా అనుకొంటిమి. కాని అప్పు ఇచ్చినది కుక్క, తీర్చుచున్నది పిల్లికి. ఈ లెక్క సరిపోవునో లేదో పెద్దలు చెప్పవలెను.

ఇప్పుడు ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు; అమ్మది పై అరలో, పిల్లిది క్రింది అరలో. ఒకరు మందు లాగుదురు, ఇంకొకరు గీతను పైకి చదువుదురు. అందుచేత సాయంత్రము ఏడుగంటలకు ఇంట ఇద్దఱుండక తప్పదు. మావంటి కుటుంబములకు ఇది చిన్న మాట కాదు. 1956లో గీత గీసినప్పుడు ఇల్లు ఇటు పడినది, చుట్టములు అటు పడిరి. పెండ్లికో కర్మకో నిజామాబాదు, బోధన్ పోకున్న మనము ఎవరివారమో మనకే తెలియదు. వచ్చు మాఘములో బోధన్‌లో మేనకోడలి పెండ్లి. "పిల్లికోసం పెండ్లి ఇడిసిపెడ్తరా? మీరు పోయి రాండ్రి, సూది నేను వేస్త" అని అమ్మ అనుచున్నది. ఆమెకు గీతలు కనబడవు. ఆ పూటకు మందు మానుటయా, మాలో ఒకరు ఆగి పొరుగువారిచేత గీత చదివించుటయా అని వైద్యుని అడుగవలసియున్నది.