గొడ్డుమడి

ప్రకాశం జిల్లాలో ఒక రైతు ఉండేవాడు. వర్జీనియా పొగాకు పండించేవాడు, పక్కనే కొద్దిగా మిరప కూడా వేసేవాడు. ఏటా మంచి పండుకాయలు ఏరి, ఎండబెట్టి, గింజ తీసి, గుడ్డలో మూటగట్టి దాచుకునేవాడు.

ఒక ఏడు ఆ మూటను, ఆకును వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్ లోపల గోడ మేకుకు తగిలించాడు. అక్కడైతే ఎలుకలు రావు, చెమ్మ చేరదు అనుకున్నాడు. ఆకు కాల్చే రోజులు వచ్చాయి. పొయ్యి రాత్రింబగళ్లు మండింది. కాల్పు చివరికొచ్చేసరికి లోపలి వేడి 70 డిగ్రీల దాకా ఎక్కేది. ఒక కాల్పు దించగానే ఇంకొకటి ఎక్కించేవారు. మూట సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆషాఢంలో మడి కట్టి ఆ గింజలు చల్లాడు. పది రోజులైనా మొలక లేదు. మట్టి మంచిది కాదన్నారు ఇరుగుపొరుగు. చెరువుమట్టి తోలించి, పశువుల ఎరువు కలిపి మళ్లీ చల్లాడు. నాలుగు మొక్కలు సన్నగా లేచి రెండాకుల మీదే వాలిపోయాయి. మడి మీద చెత్త వేసి కాల్చారు. దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టారు. చివరికి అది గొడ్డుమడి అని పేరు పెట్టి, దాన్ని వదిలేసి వేరే మడి చూసుకోమన్నారు బంధువులు. అంతమందీ మట్టిని తవ్వారు, కాల్చారు, తిట్టారు. గింజ ఎలా ఉందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. ఈ కథలో నన్ను బాధపెట్టేది అదే.

రైతు వేరే మడి కౌలుకు మాట్లాడుకోబోతుండగా, కలుపు తీసే ముసలమ్మ ఒకామె మిగిలిన గింజల్లో నూరు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టింది. పదో రోజున విప్పితే మొలిచినవి ఆరు. ఆమె మరో ఇంటి నుంచి గింజలు తెచ్చి, నిందపడ్డ ఆ మడిలోనే చల్లించింది. వారం తిరిగాక మడంతా పచ్చబడింది. పాత మూట ఎక్కడ ఉంచావని అడిగితే రైతు బ్యారన్ వైపు చూసి తలదించుకున్నాడు.

ఆ మడికి జరిగినట్టే, పిల్లలు లేని ఇంట్లో మొక్కులు, మందులు, మాటలు అన్నీ ఇల్లాలికే దక్కుతాయి గానీ, సంతానం కలగని జంటల్లో దాదాపు సగానికి లోపం పూర్తిగానో కొంతగానో మగవాడి వైపు ఉంటుంది. బీడీ, సిగరెట్, చుట్ట తాగేవాళ్లలో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గుతాయి, లోపలి డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది, ఖైనీ, గుట్కా నమిలేవాళ్లకూ ఈ నష్టం జరగొచ్చు. ఉడికిన గింజ మళ్లీ బాగుపడదు, ఒంట్లో మాత్రం కొత్త కణాలు సుమారు 3 నెలల్లో తయారై వస్తాయి కాబట్టి ఈరోజు పొగాకు మానేసినవాడికి ఆశ ఉంది. పెళ్లయి ఏడాది దాటినా కడుపు పండకపోతే భార్యను ఊరూరా తిప్పే ముందు, భర్త ఏ నొప్పీ లేని వీర్య పరీక్ష తానే ముందు చేయించుకోవాలి.