గురువు రుణం ఎవరికి చెల్లించాలి?

తార్నాకలో ఒక సంస్మరణ సభ. కన్నుమూసిన సార్ మాజీ సైనికులు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చి, అంబర్‌పేటలో రెండు గదుల ఇంట్లో పిల్లలకు లెక్కలు చెబుతూ బ్రతికారు. ఉస్మానియా హాస్టళ్లలో ఉండే బీద విద్యార్థులు కూడా సాయంత్రం పూట నడిచి ఆయన దగ్గరికి వచ్చేవారు. ఫీజు ఇచ్చినవారి దగ్గర తీసుకున్నారు, ఇవ్వలేనివారిని అడగలేదు.

సభలో ఫ్లెక్సీ ఉంది, శాలువాలు ఉన్నాయి, వక్తలు ఉన్నారు. విద్యార్థులు పోగుచేసిన సొమ్ముకు చెక్కు రాసి, సార్ భార్యను వేదిక మీదికి పిలిచి అందజేయాలన్నారు. అందరం తలూపాం, నేనూ ఊపాను. అప్పుడు వెనక వరుసలోంచి ఒక యువకుడు లేచి, “అమ్మ ఇద్దత్‌లో ఉన్నారు కదండీ” అన్నాడు. సార్ పోయి నెల కూడా కాలేదు. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ కాలంలో అవసరానికి తప్ప గడప దాటని ఆమెను చప్పట్ల మధ్యకు రప్పించబోయాం. మాకెవరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. సార్‌ను స్మరించుకోవడంలో అంతగా మునిగిపోయామన్న మాట!

ఆ రాత్రి నాకు హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ నాటి ఒక సంఘటన గుర్తొచ్చింది. సహీహ్ బుఖారీలో ఉంది. బజారులో ఒక యువతి ఆయన వెంట వచ్చి, భర్త చనిపోయాడని, చిన్న పిల్లలున్నారని, వండిపెట్టడానికి మేక కాళ్లు కూడా లేవని, పొలం గానీ పాడి గానీ లేదని చెప్పుకుంది. తాను ఖుఫాఫ్ బిన్ ఈమా గిఫారీ (రజి) కుమార్తెననీ, తన తండ్రి హుదైబియాలో దైవప్రవక్త (స) వెంట ఉన్నారనీ అన్నది. ఉమర్ (రజి) అడుగు ముందుకు వేయలేదు. అక్కడే నిలబడి విన్నారు. ఇంటికి వెళ్లి, బలమైన ఒంటె మీద రెండు బస్తాల ధాన్యం, వాటి మధ్య ఖర్చులకు సొమ్ము, బట్టలు పెట్టి పగ్గం ఆమె చేతికిచ్చారు. “చాలా ఎక్కువ ఇచ్చారు” అని ఒకరు అంటే ఆయనకు కోపం వచ్చింది. ఈమె తండ్రీ సోదరుడూ ఒక కోటను చాలాకాలం ముట్టడించి జయించడం నేను చూశాను, ఆ తర్వాత వాళ్ల వాటాలను మనం అనుభవిస్తున్నాం అనే అర్థంలో జవాబిచ్చారు.

ఈ జవాబు దగ్గర కాస్త ఆగుదాం. ఆయన జాలిని కారణంగా చెప్పలేదు. వాటా అన్నారు. ఆ సిపాయి శ్రమ ఫలితం ఇంకా మన ఇళ్లలో ఉంది, కాబట్టి ఆయన బిడ్డకు వెళ్లేది దానం లెక్కలోకి రాదు. సార్ చెప్పిన లెక్కలతో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లం ప్రతి నెలా జీతం తీసుకుంటున్నాం. మరి మేము పోగుచేసిన సొమ్మును “సహాయం” అని ఫ్లెక్సీ మీద ఎలా రాయించాం?

ఇంకో సంగతి. మనం ఇచ్చేది తర్వాత, ముందు ఆమెదే అయినది ఆమెకు చేరాలి. చెల్లించని మహర్ భర్త మీద అప్పు. అప్పులు, వసియ్యత్ తీరాకే ఆస్తి పంపకం. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. ఇది అల్లాహ్ పెట్టిన వాటా, మరుదులు, కొడుకులు దయతలచి ఇచ్చేది కాదు. ఫ్యామిలీ పెన్షన్ అయితే ఆమె పేరు మీద ప్రభుత్వం ఇచ్చేది, వారసత్వ సొమ్ములో కలిపి పంచుకునేది కాదని చాలామంది ఉలమాల మాట. అయినా ఎన్ని ఇళ్లలో పాస్‌బుక్కు విధవరాలి చేతిలో ఉంటోంది?

అప్పుల సంగతి మరీ ముఖ్యం. మూడు దీనార్ల అప్పు మిగిల్చి, తీర్చేందుకు ఏమీ వదలకుండా పోయిన మనిషి జనాజా వస్తే, దైవప్రవక్త (స) ఆ నమాజు మీరే చేయండని సహచరులకు చెప్పారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అన్నాకే తాను చేయించారు. సార్ పాత డైరీలో కిరాణా కొట్టు బాకీ ఉంది. సభకైన ఖర్చు కంటే అది తక్కువ. శిష్యుల్లో ఒకరు ముందే “ఆ బాకీ నాది” అని ఉంటే సార్‌కు అంతకు మించిన గౌరవం ఏముంది?

చాలీస్వాఁ పేరుతో బిర్యానీ డేగిషాలు ఎక్కించే ఆలోచన కూడా వచ్చింది. ముఅతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వాళ్లకు భోజనం తయారుచేసి పంపండని దైవప్రవక్త (స) ఆదేశించారు. మనం దాన్ని తలకిందులు చేశాం. దుఃఖంలో ఉన్న ఇల్లే ఊరికి వండిపెడుతోంది!

“ఆమెకు పెన్షన్ వస్తుందిగా, ఇంకెందుకు?” అన్నవారూ ఉన్నారు. వస్తుంది, కానీ దానంతటది నడిచి రాదు. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, మరణ ధృవీకరణ పత్రం, ఆధార్ అన్నింటిలో పేరు ఒకేలా ఉండాలి. సైన్యం కాగితాల్లో ‘బీ’, ఆధార్‌లో ‘బేగం’ అని ఉంటే అక్కడే ఆగిపోతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చెబుతారు, కానీ తిరగడానికి ఒక మనిషి కావాలి. చెక్కు ఇవ్వడానికి సిద్ధపడ్డ మా అందరిలో, రెండు పనిదినాలు ఇవ్వడానికి ముందుకొచ్చింది వెనక వరుసలోని ఆ యువకుడొక్కడే.

సొమ్ము చివరికి మస్జిదుకు వెళ్లే ఒక పెద్దావిడ చేత కవరులో పంపాం. జకాత్ సొమ్ము అందులో కలపలేదు. ఆమె జకాత్‌కు అర్హురాలో కాదో విచారించకుండా కలపడం సరికాదు. అర్హురాలే అయినా ఇది జకాత్ అని మొహం మీద చెప్పాల్సిన పని లేదు.

నవంబరులో ఆ యువకుడు మళ్లీ అంబర్‌పేట వెళ్లాడు, ఆమె జీవన ప్రమాణ పత్రం కోసం. మిషన్ మీద వేలిముద్రలు పడలేదు. నలభై ఏళ్లు వంటింట్లో, అంట్ల దగ్గర అరిగిపోయిన వేళ్లవి. అతను తన ఫోనుతో ముఖం స్కాన్ చేసి పని పూర్తిచేశాడు. ఆమె చాయ్ పెట్టి ఇచ్చి, సార్ లెక్కల పుస్తకాలు ఎవరైనా చదువుకునే పిల్లలకు ఇవ్వమని ఒక సంచి అతని చేతిలో పెట్టారు.