భయంగా ఉందని చెప్పుకోగలమా?



మన విశాఖలో కర్మాగారాల గేట్ల దగ్గర ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో చూపే బోర్డులుంటాయి. రేవులోను, ఉక్కు కర్మాగారంలోను పనిచేసే కుటుంబాలకు ఆ అంకె విలువ చెప్పనక్కరలేదు. మరి ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి తాను భద్రంగా ఉన్నానని అనుకుంటున్నాడో లేదో ఏ బోర్డు మీద రాయగలం?

కొంత లెక్కకు అందుతుంది. ఎన్ని గాయాలు చీము పట్టాయి, ఎందరు జారిపడ్డారు, ఒకరి మందు మరొకరికి ఎన్నిసార్లు ఇచ్చారు? ఇవి లెక్కించవలసినవే. నవ్వుతూ పలకరించి, చేతులు కడుక్కోకుండా కట్టు కట్టే చోట రోగికి కలిగేది వట్టి ధైర్యం. కాని అన్నీ సక్రమంగా జరుగుతున్నా రాత్రంతా వణికే రోగి కూడా ఉంటాడు. ఆ భయం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ‘మేరా అస్పతాల్’ పేరిట రోగుల అభిప్రాయాలను ఫోను ద్వారా సేకరించే ఏర్పాటు ప్రారంభించింది. మంచి పనే. మంచం మీద ఉండగా, సూది వేయబోయేవారే వచ్చి “ఎలా ఉందమ్మా ఇక్కడ?” అని అడిగితే ఏమంటాం? “బాగానే ఉందండి” అంటాం. 1923 నుండి ఉన్న మన కింగ్ జార్జి ఆసుపత్రికి శ్రీకాకుళం నుండి, ఏజెన్సీ గ్రామాల నుండి పేదలు వస్తారు. అక్కడనే కాదు, ఏ ఆసుపత్రిలోనైనా పేదవాని “బాగుంది”లో కృతజ్ఞత ఎంతో, భయం ఎంతో విడదీయడం కష్టం. అందుకే “తృప్తిగా ఉన్నారా?” అనేదానికన్నా “ఈ మాత్ర ఎందుకని అడగగలిగారా? అడిగితే ఎవరైనా విసుక్కున్నారా?” అనేదే సరైన ప్రశ్న అని నాకు తోస్తుంది.

మార్కు సువార్త 10వ అధ్యాయంలోని బర్తిమయిని గుర్తు చేసుకోండి. అతడు గుడ్డివాడని అందరికీ తెలుసు. జనం అతణ్ణి నోరు మూసుకోమన్నారు. ప్రభువు మాత్రం ఏమి కావాలో అతణ్ణే అడిగారు. తెలియక అడిగారా?

ఆ జనంలో మనమూ ఉన్నాం సుమా! “డాక్టరుగారిని ప్రశ్నలు అడగకు, కోపమొస్తుంది” అని రోగి నోరు మూయించేది తరచు ఇంటివాళ్ళమే. పరామర్శకు వెళ్ళి, రోగి తలమీదుగా పక్కవాళ్ళతో మాట్లాడి వచ్చేస్తాం.

1993 నుండి ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు, శ్రీసభ ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం పాటిస్తోంది. ఆ రోజు మీ విచారణ నుండి ఆసుపత్రికి వెళితే, పండ్లు బల్లమీద పెట్టి, పక్కన కూర్చుని, దేనికి భయపడుతున్నారో రోగినే అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. బయటకు వెళ్ళమని చెప్పేదాకా కూర్చోండి.