రేగడి నేలలో పచ్చిక

ధ్యానభాగము: యెషయా 28:24–29



ఏడాది పొడుగున నాగలి పట్టుకొని తిరుగు రైతు ఎక్కడను లేడని యెషయా ప్రవక్త మనకు జ్ఞాపకము చేయుచున్నాడు. ఎప్పుడు దున్నవలెనో, ఎప్పుడు చదును చేయవలెనో, దేనిని బండితో నూర్చవలెనో, దేనిని కఱ్ఱతో మాత్రమే కొట్టవలెనో రైతునకు నేర్పినవాడు దేవుడే. ఈ తొలకరిలో మందిర ఆవరణమున పచ్చిక వేయ బూనినప్పుడు ఈ వాక్యభాగమును మరల మరల చదువవలసి వచ్చినది.

మన హసన్‌పర్తి ప్రాంతమున చెల్కయు గలదు, రేగడియు గలదు. ఆవరణమునకు దొరికినది నల్లరేగడి. వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును; వానలో ఉబ్బి కాలి చెప్పును లాగివేయును. "అయ్యగారూ, ఈ మన్ను పనికిరాదు, పైన ఎఱ్ఱమన్ను పఱచుదము" అని కొందరు పెద్దలనిరి. ఇసుక కలుపుమని మరికొందరనిరి. పల్చగా పఱచిన ఎఱ్ఱమంటిలో వేళ్లు పైపైననే ఆగిపోవును. కొద్దిపాటి ఇసుక కలిపిన రేగడి ఎండకు ఇటుకవలె బిగియును. దానికి కావలసినది బాగుగా మాగిన పశువుల ఎరువు, నీరు పోవుటకు కాలువ, గోడనుండి వెలుపలికి కొంచెము వాలు. అన్నిటికంటె ముఖ్యము పదును. తడిగా నున్నప్పుడు త్రవ్వితిమా, పెడ్డలు కట్టును. పూర్తిగా ఎండినచో గడ్డపాఱకైనను లొంగదు. పిడికిట నొక్కిన ముద్ద వ్రేలు తాకగానే పొడియై రాలు దినమున పని చేయవలెను. అట్టి దినములు కొన్నియే.

"వాని హృదయము రేగడి" అని మనలో కొందరు కొందరినిగూర్చి పలుకుట విన్నాను. రేగడి చెడ్డ నేల కాదు. వాన వెనుకబడి చెల్క పైరు వాడునప్పుడు రేగడిలో పత్తి పచ్చగా నిలుచుట మీరెఱుగుదురు. విత్తువాని ఉపమానములోని త్రోవప్రక్క నేలయు పుట్టుకతో గట్టిది కాదు, నడచువారి పాదములే దానిని గట్టిపఱచినవి. ఇంట చావు జరిగిన వారమే ఒకని త్రాగుడునుగూర్చి గద్దించుట తడి రేగడిని తొక్కుటయే. మాట సత్యమే కావచ్చును, పదును మాత్రము చూడలేదు. అట్లు మందిరము విడిచిన కుటుంబములు మన పల్లెలలో ఉన్నవి. వారి పేరులు నాకంటె మీకే బాగుగా తెలియును.

గరిక కాడలను జానెడు ఎడముగా నాటితిమి. తుంగ గడ్డతోకూడ పెరికిననే గాని పోదు. ఆ పని స్త్రీల సమాజమువారు చేసిరి, పురుషులు నిలిచి సలహాలిచ్చిరి!

ఐదువేలమందిని ప్రభువు పచ్చికమీదనే కూర్చుండబెట్టెను (మార్కు 6:39). అది పస్కా సమీపించిన కాలమని యోహాను చెప్పుచున్నాడు. ఆ దేశమున వానలు వెళ్లినను గడ్డి యింక వాడని దినములవి. పంక్తులు తీర్చినప్పుడు ఎవడు ఏ వాడవాడని అడిగినట్లు వ్రాయబడలేదు.

గరిక వేళ్లూనువరకు చుట్టును తాడు కట్టియున్నది, పిల్లలను దాటనీయకుడి. ఈ నెల బాప్తిస్మము పొందిన రెండు కుటుంబములును మనలో క్రొత్తగా నాటబడినవే. చందా పుస్తకమును, తప్పుల పట్టికను వారియెదుట అప్పుడే తెరువకుడి. బుధవారము సాయంత్రము వారి యింట ప్రార్థనకు వెళ్లుచున్నాము. మందిరము విడిచిన ఒక సహోదరుని యిల్లు ఆ త్రోవలోనే యున్నది. అచ్చటను కొంతసేపు కూర్చుందుము. రాగలవారు ఆరు గంటలకు మందిరమునొద్ద కలిసికొనుడి.