ఎవరికీ పూర్వీకులు కానివారు

మనిషికి తన తాతముత్తాతల పేర్లు తెలుసుకోవాలని ఎందుకుంటుంది? ఆస్తి కోసమైతే కోర్టు కాగితాలు చాలు. గొప్ప కోసమైతే వంశావళి రాసిపెట్టేవాళ్ళు ఏ దేశంలోనైనా దొరుకుతారు. ఈ రెండూ కాకుండా, పేరు తప్ప మరేమీ మిగలని ఒక మనిషి కోసం రోజుల తరబడి పాత రిజిస్టర్లు తిరగేసేవాళ్ళున్నారు. వాళ్ళు వెతికేది తమకోసమా, పోయినవాళ్ళకోసమా? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను పట్టుకుని ఉంది. దీన్ని గురించి ఆలోచించడానికి ఐర్లండు కంటే తగిన దేశం నాకు కనిపించలేదు.

1841 లెక్కల ప్రకారం ఐర్లండులో 81 లక్షల పైచిలుకు జనం ఉండేవారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదవాడి తిండి అంతా ఆ దుంపే. 1852 దాకా సాగిన కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో ఓడలెక్కి దేశం విడిచిపోయారు. 1851 నాటికే జనాభా 65 లక్షలకు పడిపోయింది. వెళ్ళినవాళ్ళ సంతతి ఇవాళ అమెరికాలో, కెనడాలో, ఆస్ట్రేలియాలో ఉంది. ఎన్నో తరాల కిందట ఊరు విడిచి వచ్చి, ఆ ఊరిని ఇంటిపేరులో మాత్రమే మిగుల్చుకున్న మనవంటివాళ్ళకు వాళ్ళ ఆరాటం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వెతుకుదామంటే కాగితాలు లేవు. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కల పత్రాలు డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని రికార్డు ఆఫీసులో ఉండేవి. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, అక్కడ జరిగిన పేలుడులో, మంటల్లో కొద్ది ముక్కలు తప్ప అన్నీ పోయాయి. ఇది అందరూ చెప్పుకునే కథ. అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది. 1861, 1871 పత్రాలను పని అయిపోగానే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. నాలుగు నిప్పుకు పోయాయి, నాలుగు ఆఫీసుకు పోయాయి. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు మాత్రమే. జనం జ్ఞాపకాన్ని తుడిచిపెట్టడానికి శత్రువే రానక్కరలేదు. ఇక దీంతో పనేముంది అనుకునే అధికారి చాలు.

వాటికి ముందు కాలానికి ఆధారంగా మిగిలినవాటిలో ముఖ్యమైనవి రెండు. 1823-1837 మధ్య తయారైన దశమభాగపు పన్ను పుస్తకాలు ఒకటి. 1847-1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన భూముల, ఇళ్ళ విలువ మదింపు రెండవది. మొదటిది తమది కాని చర్చికి కాథలిక్ రైతులు సైతం కట్టవలసివచ్చిన పన్ను లెక్క. రెండవది స్థానిక పన్నుల కోసం కట్టిన లెక్క. అంటే ఇవాళ ఒక మనవడికి తాత పేరు దొరికిందంటే, ఆ తాత దగ్గర వసూలు చేయడానికి ఏదో ఉంది కనుక దొరికింది. చెక్క భూమి కూడా లేని కూలివాడి పేరు చాలాచోట్ల వీటిలో ఉండదు. భర్త బతికి ఉన్న స్త్రీ పేరూ సాధారణంగా ఉండదు. కరువు దెబ్బ అందరికంటే ఎక్కువగా తిన్నది ఈ కూలి కుటుంబాలే. కాబట్టి దప్తరాన్ని అద్దం అనుకుంటే మోసపోతాం. అది జల్లెడ. ఎవరు జారిపోయారో అది చెప్పదు.

అయితే ఒక్కోసారి జారిపోవలసినవాళ్ళే మిగులుతారు. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 70 ఏళ్ళు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇస్తారు. వయసు మాత్రం రుజువు చేసుకోవాలి. జననాలన్నీ నమోదు చేయడం మొదలైందే 1864లో. అంతకు చాలా ముందు పుట్టిన ముసలివాళ్ళు ఏం చూపిస్తారు? 1841, 1851 లెక్కల్లో పసివాళ్ళుగా తమ పేర్లు ఉన్నాయేమో వెతికించమని అర్జీలు పెట్టుకున్నారు. గుమాస్తాలు వెతికి, దొరికినది రాసిపెట్టారు. తర్వాత అసలు పత్రాలు కాలిపోయాయి గాని, ఆ వెతుకులాట కాగితాలు అనేకం మిగిలాయి. కరువుకు ముందు ఫలానా ఇంట్లో ఎవరెవరున్నారో ఇవాళ తెలుస్తున్నదంటే, ఆ ఇంటి బిడ్డ ముసలితనంలో చేయి చాచి అడిగింది కనుక తెలుస్తున్నది. గర్వించదగిన పూర్వీకుల కోసం బయలుదేరినవాడు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అతని వంశపు జ్ఞాపకాన్ని నిలబెట్టింది ఏ వీరుడి కత్తో కాదు, ఒక పింఛను అర్జీ.

రెండో చిక్కు ఎంపికలో ఉంది. 2011 మేలో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ఐర్లండులో మనీగాల్ అనే చిన్న ఊరికి వెళ్ళారు. ఆయన తల్లివైపున ఐదు తరాల వెనకటి పూర్వీకుడు ఫాల్మత్ కియర్నీ 1850లో అక్కడినుంచి అమెరికా చేరాడు. ఊరు పండుగ చేసుకుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఐదు తరాలు వెనక్కు వెళితే ఎవరికైనా లెక్కకు 32 మంది ఉంటారు. ఒకరి పేరు చెప్పుకుని మురిసిపోతున్నామంటే 31 మందిని పక్కన పెట్టామన్నమాట. వంశవృక్షం అని మనం గీసుకునేది చెట్టును కాదు, మనకు నచ్చిన కొమ్మను. ఏ వంశం తీసుకున్నా, ఇతరుల గుడిసె పీకించినవాడూ ఉండవచ్చు, పీకిన గుడిసెలోంచి బిడ్డనెత్తుకుని బయటపడ్డదీ ఉండవచ్చు. ఇద్దరికీ మనం వారసులమే.

ఇదంతా పోయినవాళ్ళ సంగతి. బతికి ఉన్నవాళ్ళ సంగతి ఇంకా బరువైనది. పెళ్ళికాని తల్లులకు పుట్టి దత్తతకు పోయిన వేలమందికి ఐర్లండులో తమ పుట్టుక కాగితాలు చాలాకాలం అందలేదు. తల్లి గోప్యత అన్నది చెప్పిన కారణం. 2022లో వచ్చిన చట్టం వారికి జనన పత్రమూ, పుట్టుక వివరాలూ పొందే హక్కు ఇచ్చింది. తల్లి తనను కలవవద్దని కోరితే ఆ మాట బిడ్డకు తెలియజేస్తారు, కాగితం మాత్రం ఆపరు. ఇది న్యాయమేనా? ఒకనాడు నలుగురి కంటబడకుండా కని, ఆపైన వేరే జీవితం కట్టుకున్న ముసలితల్లి మనశ్శాంతి ఏం కావాలి? ఆ రహస్యం ఎందరో తల్లులు కోరి తీసుకున్నది కాదు, లోకం వాళ్ళమీద మోపినది అన్నది నిజమే. అయినా ఇవాళ దాని చాటునే బతుకుతున్న తల్లి ఉండవచ్చు. చాలా తర్జనభర్జన మీద నేను వచ్చిన అభిప్రాయం ఇది. తను ఎవరి బిడ్డో తెలుసుకునే హక్కును ఎవరూ కాదనలేరు. ఎదుట నిలబడి సమాధానం చెప్పమనే హక్కు మాత్రం అందులోంచి పుట్టదు. పేరు బిడ్డది, మౌనం తల్లిది.

చివరగా ట్యూమ్ కథ. గాల్వే కౌంటీలోని ఈ పట్టణంలో 1925 నుంచి 1961 దాకా పెళ్ళికాని తల్లులకూ వారి బిడ్డలకూ ఒక ఆశ్రమం నడిచింది. క్యాథరిన్ కార్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి 2012లో ఆ ఊరి చరిత్ర సంఘం పత్రికలో, మన పత్రికలాంటి చిన్న పత్రికలోనే, దాన్ని గురించి వ్యాసం రాశారు. అక్కడ చనిపోయిన పిల్లల మరణ పత్రాలు తీయిస్తే 796 తేలాయి. ఖననం చేసిన దాఖలాలు దాదాపు లేవు. 2014లో ఈ సంగతి లోకానికి తెలిసింది. మురుగునీటికి సంబంధించిన కట్టడంలో పసిపిల్లల అవశేషాలున్నాయని 2017లో విచారణ సంఘం ప్రకటించింది. 2021లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2025లో తవ్వకాలు మొదలయ్యాయి.

ఆ 796 మందిలో ఒక్కరూ ఎవరికీ పూర్వీకులు కాలేదు. కాగలిగే వయసు వాళ్ళకు దక్కలేదు. వాళ్ళను వెతుక్కుంటూ అమెరికానుంచి మనవలు రారు. కార్లెస్‌కు వాళ్ళు ఏమీ కారు. అయినా ఆమె ఒక్కొక్క పేరే బయటికి తీశారు. మన తర్పణ విధిలో కూడా తమకంటూ ఎవరూ లేనివారికి నీళ్ళు వదిలే ఆచారం ఉంది. తండ్రి తాతల వరసతోనే ఆగిపోకూడదని పెద్దలకు తోచింది కాబోలు.

సొంతవాళ్ళకోసం వెతకడం సహజం. కాని తన ఇంటిపేరు కనబడేదాకా పేజీలు తిప్పేవాడు, ఆ తిప్పిన పేజీల్లోనూ మనుషులున్నారని మరచిపోతే, అతనికి దొరికేది వంశమే గాని చరిత్ర కాదు. ఆ పేర్లు ఒక్కసారి చదివి ముందుకు సాగడానికి ఎంతసేపు పడుతుంది?